తెలిసినాయన

సంచి నేను సర్దుతానంటే వాడు వద్దనలేదు. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక తువ్వాలు. మా తమ్ముడి బట్టలు అంతే. ఒక్కో చొక్కా మడత పెట్టి, నచ్చనట్టు విప్పి, మళ్ళీ మడత పెడుతున్నాను. వాడు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

"పన్నెండున్నర బస్సు పోతే రెండింటికి ఇంకోటి ఉంది. ఆ చొక్కా చిరిగేదాకా మడతపెట్టినా బస్సులు తిరగడం మానవు," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. కోపంగా ఉన్న మనిషినైతే బతిమాలుకోవచ్చు. నవ్వే మనిషిని ఏమని బతిమాలాలో నాకు తెలియలేదు.

పనిముట్ల సంచి మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు. టెస్టరు, కటింగ్ ప్లేయరు, ఉలి, సుత్తి, నల్ల టేపు చుట్ట, అన్నీ తనే సర్దుకున్నాడు. ఏది ఎక్కడ పెట్టాలో వాడి చేతులకే తెలుసు. రెండు నిమిషాల్లో అయిపోయింది. వాడు మా ఇంట్లో రెండు నెలలున్నాడు.

ఆ ఏడు మార్చిలో మా అమ్మాయి పాత పెట్రోలు కారు ఇచ్చేసి కరెంటు కారు తెచ్చుకుంది. రక్తపరీక్షల ల్యాబులో దాని ఉద్యోగం. పొద్దున్నే బయల్దేరి, చుట్టుపక్కల చిన్నాచితకా ఆసుపత్రులన్నీ తిరిగి, రక్తం సీసాలు చల్లపెట్టెలో సర్దుకుని, మధ్యాహ్నంలోగా ల్యాబుకు చేర్చాలి. రోజుకు తొంభై కిలోమీటర్లు. జీతం పెట్రోలు బంకులో పోసి వస్తున్నానని దాని గోల.

నాకు ఆ కారు మొదటి రోజు నుంచీ నచ్చలేదు. చప్పుడు లేదు. పాత కారైతే వీధి మలుపులో ఉండగానే దాని దగ్గు వినిపించేది, లేచి టీ పెట్టేదాన్ని. ఇది వచ్చిందీ తెలియదు, వెళ్ళిందీ తెలియదు. సాయంత్రానికల్లా వచ్చేస్తానని గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయిన మనిషికి భార్యను నేను. వెళ్ళే చప్పుడైనా వినపడకపోతే ఎలా?

"దీనికి బంకు అక్కర్లేదమ్మా. ఫోనుకి పెట్టినట్టు సాయంత్రం పెడితే తెల్లారేసరికి నిండిపోతుంది," అంది అమ్మాయి.

ముందుగదిలో ఇస్త్రీపెట్టెకు వాడే ప్లగ్గుకు పెట్టి, తీగను కిటికీలోంచి బయటికి లాగింది. నేను ఊరుకోలేక గంటకోసారి వెళ్ళి, జ్వరం చూసినట్టు ప్లగ్గుకు చేయి ఆనించి చూసేదాన్ని. వెచ్చగా ఉండేది. తర్వాత వేడిగా ఉండేది. పదకొండో రోజు పొద్దున ముందుగదంతా కాలిన వాసన. ప్లగ్గు నల్లబడి, గోడలో పెట్టె కరిగి, పక్కకు ఒరిగిపోయి ఉంది.

"చెప్పానా లేదా?" అన్నాను.

"చెప్పావమ్మా. నువ్వు చెప్పనిది ఏదన్నా ఉంటే అది చెప్పు," అంది.

అప్పుడే మా తమ్ముడికి ఫోను చేశాను. వాడు నలభై ఏళ్ళు కరెంటు పని చేశాడు. ఎక్కడా చదివి నేర్చుకున్నది కాదు, చేత్తో నేర్చుకున్నది. రాను రాను అందరూ సర్టిఫికెట్లు అడగడం మొదలుపెట్టారు. వాడి దగ్గర అవి లేవు. ఐదు గంటల దూరంలో ఇంకో ఊళ్ళో, ఒక గోదాముకు కాపలా ఉంటూ, ఆ గోదాము గదిలోనే ఉంటున్నాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. మా ఇంటికొచ్చి ఉండరా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ మాట మార్చాడు. ఉండమంటే రాడు. పనుందంటే వస్తాడు.

"ఇంట్లో కరెంటు పనుందిరా," అన్నాను.

"ఎంత పని?"

"చాలా."

"చాలా అంటే?"

"నువ్వొచ్చి చూడు. నాకేం తెలుస్తుంది?"

వాడు రావాలి, పని పేరుతో వచ్చినవాణ్ణి ఇక వెళ్ళనివ్వకూడదు. ఆ వేసవి నాకున్న ఆలోచన అదొక్కటే.

ఏప్రిల్ మొదట్లో వచ్చాడు. చెవి మీద పెన్సిలు, భుజాన రెండు సంచులు. కాళ్ళు కడుక్కోకుండానే టెస్టరు తీసుకుని గోడగోడకూ తిరిగాడు. తిరిగొచ్చి కూర్చుని, "ఈ ఇంటికి ఎర్త్ లేదక్కా," అన్నాడు.

"మూడు కన్నాల ప్లగ్గులే కదరా?"

"కన్నాలు మూడున్నాయి. మూడో కన్నం వెనకాల ఏమీ లేదు. ఉత్తుత్తి కన్నం. ముప్ఫై ఏళ్ళుగా నిన్ను మోసం చేస్తోంది."

పెరట్లో నడుముల్లోతు గొయ్యి తనే తవ్వాడు. అరవై రెండేళ్ళవాడు. గొట్టం దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోశాడు. లైట్లకూ ఫ్యాన్లకూ పాత లైను అలాగే ఉంచి, వంటింటి ప్లగ్గులు, నీళ్ళ మోటారు, కారు ప్లగ్గు కొత్త లైను మీదికి తెచ్చాడు. ఆ లైనుకు కొత్త రకం బ్రేకరు ఒకటి బిగించి, నన్ను పిలిచి చూపించాడు.

"ఇది ఏం చేస్తుందో తెలుసా? వెళ్ళిన కరెంటు వెళ్ళినంతా తిరిగి రావాలి. రాలేదంటే మధ్యలో ఎక్కడో కారిపోతోందని. వెంటనే ఇది పడిపోతుంది, లైను ఆగిపోతుంది. మనుషులు బతుకుతారు."

"అంటే పడిపోతే మంచిదేనా?"

"పడిపోతోందంటే పనిచేస్తోందని. ఇలాంటిది మనుషులకు బిగిస్తే నువ్వు రోజుకు పదిసార్లు పడేదానివి," అని నవ్వాడు.

కారు లైను ఇరవై రోజుల్లో అయిపోయింది. నేను ఊరుకుంటానా? వంటింటి తలుపు బిగుసుకుపోయిందన్నాను. చెక్క దిగదీసి, అంచును రందాతో చెక్కి, మళ్ళీ బిగించాడు. స్నానాలగది కొళాయి కారుతోందన్నాను. ముందుగది సీలింగులో చెమ్మ ఉందన్నాను. ఫ్యాను మూలుగుతోందన్నాను.

"మామయ్యా, ఈ ఇంట్లో నీకు రిటైర్మెంట్ లేదు. నువ్వు బిగించినవన్నీ అమ్మ వెనకాలే విప్పుకుంటూ వస్తోంది," అంది అమ్మాయి.

"తెలుసమ్మా. నిన్న ఆ కిటికీ మేకు పీకుతుంటే చూశాను. పీకడం కూడా సరిగ్గా రాదు, మేకు వంగిపోయింది. మళ్ళీ ఈసారి పీకాలంటే నన్ను పిలువక్కా, నేర్పుతాను."

ముగ్గురం నవ్వుకున్నాం. తెలిసి కూడా ఊరుకున్నాడంటే ఉండే ఉద్దేశం ఉందనే కదా అనుకున్నాను. గోదాములో నెల సెలవు చెప్పి వచ్చినవాడు, ఫోను చేసి ఇంకో నెల పెంచుకున్నాడు. వెనకగదికి సున్నం వేసుకున్నాడు. మంచం పక్కన గోడకు కొత్త స్విచ్చు పెట్టుకున్నాడు, పడుకుని చేయి చాస్తే అందే ఎత్తులో. మే నెలాఖరున ఒకరోజు టీ తాగుతూ, "గోదామువాళ్ళను ఇంకో మనిషిని చూసుకోమందామా అనుకుంటున్నా," అన్నాడు, గ్లాసులోకి చూస్తూ. ఏదన్నా అంటే చెదిరిపోతుందేమోనని లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

నేను బడికి వెళ్ళలేదు. పెళ్ళయ్యాక, సరుకులు కట్టిచ్చిన కాగితాలు విప్పి, గోడల మీద రాతలు కూడబలుక్కుని, నాకు నేనే చదవడం నేర్చుకున్నాను. అందుకేనేమో, అచ్చులో ఉన్న మాటంటే నాకు మహా గురి. మనిషి చెప్పింది మర్చిపోతాను, చదివింది మర్చిపోను. కారుతో పాటు వచ్చిన ఛార్జరు పుస్తకం అమ్మాయి విప్పి కూడా చూడలేదు. నేను అట్ట నుంచి అట్ట దాకా మూడుసార్లు చదివాను. ఒకరోజు వాడు గోడకు సిమెంటు పూస్తుంటే పక్కన కూర్చుని పైకి చదివాను.

"ఛార్జరుకు కావలసిన లైనును అర్హత గల టెక్నీషియను చేత మాత్రమే వేయించుకొనవలెను. లేనిచో వారంటీ వర్తించదు."

తాపీ ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఆ పుస్తకం ఈ ఇంటిని చూసిందా అక్కా?"

"అలా అని రాశారురా, అంతే."

"రాస్తారు. రాసినవాళ్ళ పని అది," అన్నాడు. అక్కడితో వదిలేశాడు. నేనే వదల్లేదు.

జూన్ మొదలవుతూనే బ్రేకరు పడడం మొదలైంది. తెల్లారి చూస్తే కారు ఛార్జింగు ముందురోజు ఎక్కడుందో అక్కడే ఉంది, పద్దెనిమిది శాతం. పైకి ఎత్తితే నిలబడుతోంది, మళ్ళీ ఎప్పుడో పడిపోతోంది. తమ్ముడు బోర్డు ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"లైను బాగానే ఉంది. ఇంట్లో ఏదో వస్తువు కరెంటు కారుస్తోంది. అదొక్కటే అయితే పడదు, కారు ఛార్జింగులో ఉన్నప్పుడు అదీ ఇదీ కలిస్తే పడుతోంది. ఒక్కో రాత్రి ఒక్కో వస్తువు ఆపి చూస్తే దొరుకుతుంది. ముందు ఫ్రిజ్ ఆపుదాం. అది పాతది."

"ఈ ఎండల్లో ఫ్రిజ్ ఆపుతావా? పాలు విరిగిపోతాయి. అమ్మాయి ఐసు ప్యాకులు కరిగిపోతాయి. అన్నీ చూసి చివర్లో చూడు."

"ఒక్క రాత్రే అక్కా."

"చివర్లో అన్నానా?"

వాడు వాదించలేదు. మొదటి రాత్రి నీళ్ళ మోటారు ఆపాడు. బ్రేకరు పడింది. రెండో రాత్రి బట్టలు ఉతికే మిషను తీగ తీసేశాడు. పడింది. పడినప్పుడల్లా ఫ్రిజ్ కూడా ఆగిపోయి, పాలు ఎలాగూ విరుగుతూనే ఉన్నాయి. అయినా నా బుర్రకు తోచలేదు.

రెండో తెల్లారి అమ్మాయి చల్లపెట్టె భుజాన వేసుకుని బస్సులో వెళ్ళింది. మూడు ఆసుపత్రులకు వెళ్ళలేకపోయింది. సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చింది. పైవాళ్ళు అందరి ముందూ అన్నారట, బండి లేనివాళ్ళకు ఈ ఉద్యోగం ఎందుకని. తమ్ముడు తల వంచుకుని విన్నాడు.

"ఇంకో రెండు రోజులు ఆగమ్మా. పట్టుకుంటాను."

"పర్లేదు మామయ్యా. రేపు దారిలో ఎక్కడన్నా ఛార్జింగు పెట్టుకుంటాలే," అంది అది.

అది ఆగగలిగింది. నేను ఆగలేకపోయాను. పుస్తకం ఆఖరి పేజీలో రాసి ఉంది: బ్రేకరు పదేపదే పడిపోయినచో వెంటనే ఈ నంబరును సంప్రదించవలెను. మర్నాడు పొద్దున వాడు పెరట్లో ఉండగా, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని, ఆ నంబరుకు ఫోను చేశాను. పదకొండు గంటలకు మనిషిని పంపిస్తామన్నారు. పదిన్నరకు తమ్ముణ్ణి బజారుకు పంపాను, వెనకగదికి కిటికీ గడియ తెమ్మని. ఆ గడియకు ఏమీ కాలేదు.

వచ్చింది ఒక ఆడమనిషి. ముప్ఫై ఐదేళ్ళు ఉంటాయేమో. నీలం చొక్కా, చేతిలో ఒక మీటరు. చెప్పులు బయట విడిచి, నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళి మూత విప్పింది. ఆ మూలన వెలుతురు తక్కువ.

"టార్చి కాస్త పట్టుకుంటారా అమ్మా?"

నేను పట్టుకున్నాను. నా చేతిలో వెలుగు గోడంతా తిరుగుతోంది. అప్పుడు గేటు చప్పుడైంది. గడియల కొట్టు ఆ రోజు మూసి ఉందట, తిరిగి వచ్చేశాడు.

గుమ్మంలో ఆగాడు. విప్పిన బోర్డును చూశాడు, ఆవిడ చొక్కా మీది కంపెనీ గుర్తును చూశాడు. నా వైపు చూడలేదు. దగ్గరికి వచ్చి, "నేను పట్టుకుంటా," అని నా చేతిలోంచి టార్చి తీసుకున్నాడు. వాడి చేతిలో వెలుగు కదలలేదు.

ఆవిడ మీటరును ఒక్కో తీగకూ తగిలిస్తూ పోయింది. పది నిమిషాలు పట్టింది. "ఫ్రిజ్ అమ్మా. లోపల కంప్రెసర్ కారుస్తోంది. అది మార్చండి, ఇంకేం లేదు," అంది. పెరట్లోకి కూడా వెళ్ళి గొట్టం చూసి వచ్చి, మూత బిగిస్తూ మెచ్చుకుంది. "లైను చాలా బాగా వేశారు. ఎర్త్ గుంత ఇంత శ్రద్ధగా తవ్వేవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? ఎవరు చేశారమ్మా ఇది?"

వాడు నా పక్కనే ఉన్నాడు. టార్చి ఇంకా ఆర్పలేదు.

అర్హత గల టెక్నీషియను చేత మాత్రమే. లేనిచో వారంటీ వర్తించదు. ఆ అక్షరాలే నాకు కళ్ళముందు కనబడ్డాయి. ఆవిడ చేతిలో ఏదో కాగితం ఉంది, రాసుకుంటోంది. మా తమ్ముడంటే, లైసెన్సు ఉందా అని అడుగుతుందేమో. లేదంటే కారు పాడైనప్పుడు మాకు సంబంధం లేదంటారేమో. అమ్మాయి ఉద్యోగం పోతుందేమో.

"తెలిసినాయనే చేశారు," అన్నాను.

"మంచాయన. నంబరుంటే ఇవ్వండి, మాక్కూడా అప్పుడప్పుడూ మనుషులు కావాలి," అంది.

"ఊళ్ళో లేరండీ ఆయన," అన్నాడు మా తమ్ముడు. టార్చి ఆర్పి ఆవిడకు అందించాడు.

ఆవిడ వెళ్ళాక బోర్డు మూతను ఒకసారి చేత్తో నొక్కి చూశాడు. "ఫ్రిజ్ మార్చుకోండి. చూసుకున్నారుగా, ఇక భయం లేదు," అన్నాడు.

ఇంటివాళ్ళందరికీ కలిపి చెప్పాడనుకున్నాను. అమ్మాయికీ నాకూ కలిపి. అలా అనుకుని మధ్యాహ్నం దాకా ధైర్యంగానే ఉన్నాను. భోజనానికి పిలిస్తే వెనకగదిలోంచి, "మీరు తినండి, నాకు ఆకలిగా లేదు," అన్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

అరవై ఏళ్ళుగా వాడికి నేను 'నువ్వు'. చిన్నప్పుడు జుట్టు పట్టుకుని కొట్టుకున్నప్పుడూ నువ్వే, మా ఆయన పోయాడని కబురొచ్చిన రోజు తలుపు దగ్గర నన్ను పట్టుకున్నప్పుడూ నువ్వే.

అమ్మాయి రెండో రోజు పసిగట్టింది. "ఏంటి మామయ్యా, అమ్మకి ప్రమోషన్ ఇచ్చావా? మీరు, గీరు?"

"పెద్దవాళ్ళు కదమ్మా," అన్నాడు, నవ్వుతూ.

అది నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. కంపెనీ మనిషిని పిలిచానని చెప్పానే తప్ప, ఏమన్నానో దానికి చెప్పలేదు.

ఆ నాలుగు రోజులూ మిగిలిన పనులన్నీ చేశాడు. గోడల్లో తవ్విన గాడులు పూడ్చి, రంగు వేసి, కింద పడిన సున్నం చుక్కలు తడిగుడ్డతో తుడిచాడు. ఏ స్విచ్చు దేనిదో కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి బోర్డు పక్కన అతికించాడు, నేను చదవడానికి వీలుగా. కొత్త ఫ్రిజ్ వచ్చింది. బ్రేకరు ఇక పడలేదు. ఇంట్లో ఒక్క పని మిగల్లేదు.

ఆఖరి సాయంత్రం వాడు పెరట్లో పనిముట్లు కడుగుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"భయపడి పిలిచానురా. పుస్తకంలో అలా రాశారు."

"మంచి పనే చేశారు. నేనైతే ఇంకో రెండు రోజులు పట్టేది."

"గోదామువాళ్ళకు వేరే మనిషిని చూసుకోమని చెప్తానన్నావు."

"అనుకున్నాను. వాళ్ళకి మనిషి దొరకలేదట." ఉలిని తుడిచి, అంచు వేలితో చూసుకున్నాడు. "గదిలో ఆ చివరి స్విచ్చు కొంచెం గట్టిగా ఉంటుంది, వాడగా వాడగా సర్దుకుంటుంది. అద్దెకిచ్చుకోవచ్చు ఆ గది, గాలి బాగా వస్తుంది."

తెలిసినాయన అన్నది పొరపాటని అప్పుడు చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. మాట బయటికొస్తే వాడు విన్నాడన్నది ఖాయమైపోతుంది. వినలేదేమోననే ఆశ ఒకటి అప్పటికీ నాలో మిణుకుమిణుకుమంటోంది. ఎంత పిచ్చిదాన్ని!

మర్నాడు నేను చొక్కాలు మడత పెట్టడం, వాడు బస్సుల సంగతి చెప్పడం జరిగాయి. రెండు సంచులూ భుజాన వేసుకుని నడిచే వెళ్ళాడు. అమ్మాయి కారులో దింపుతానని ముందురోజే అంది. డ్యూటీకి ఆలస్యమవుతుందని వాడే వద్దన్నాడు.

తర్వాత ఆదివారం ఆదివారం నేనే ఫోను చేసేదాన్ని. బాగున్నారా, అమ్మాయి బాగుందా, కారు బాగా నడుస్తోందా. ఎప్పుడూ అవే మూడు ప్రశ్నలు. నువ్వు అనరా అని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే అనేవాడే. అడిగించుకుని అన్న నువ్వు నాకెందుకు?

రెండో ఏడు ఫిబ్రవరిలో గోదాము నుంచి ఫోను వచ్చింది. ఛాతీలో నొప్పి అన్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళామన్నారు. "తొందరేం లేదమ్మా, నిదానంగా రండి," అన్నాడు అవతలి మనిషి. ఆ మాటతో తెలిసిపోయింది.

అమ్మాయి కారు తీసింది. ఆ దూరం ఒక్క ఛార్జింగుతో వెళ్ళేది కాదు. దారిలో రెండు చోట్ల ఆగాం, ఒక్కోచోట నలభై నిమిషాలు. తీగ పెట్టి ఇద్దరం లోపలే కూర్చున్నాం. ఎవరెవరో వచ్చి, కారుకి తీగలు తగిలించి, టీ తాగి, వెళ్ళిపోతున్నారు. రెండో చోట, అప్పటిదాకా చెప్పనిది దానికి చెప్పాను.

"తమ్ముడని ఎందుకు చెప్పలేదమ్మా?"

"భయమేసింది."

"ఆవిడ ఏం చేస్తుందని?"

"వారంటీ పోతుందని."

అది అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తెర మీద అంకె యాభై దాటింది, అరవై దాటింది. ఎనభై అయ్యాక దిగి తీగ తీసింది. మళ్ళీ బయల్దేరాం.

మా తమ్ముడు మా ఇంట్లోంచి వెళ్ళింది జూన్ పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు. మరి రాలేదు.